పాసిర్ రిస్‌లో ఒప్పుకోని బోర్డు

చిన్న యంత్రాన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయే తప్పు ఆ మంటలోంచే పుట్టింది. కోపం న్యాయమైనదే కావచ్చు, ఆ కోపంలో చేసిన పని కూడా న్యాయమైపోదు. ఈ ముక్క తెలియడానికి నాకు అరవై నాలుగేళ్లు పట్టింది. చదువుతున్న కుర్రవాళ్లకు కాస్త ముందుగా తెలిస్తే బాగుంటుందని రాస్తున్నాను. తెలుస్తుందన్న ఆశ ఏమంత లేదు.

నేను పదో తరగతి దాటినవాణ్ణి కాదు. ఓడలు బాగుచేసే యార్డులో వైర్లు లాగే పనికని కాకినాడ వైపునుంచి సముద్రం దాటి ఈ ద్వీప నగరానికొచ్చాను. యార్డులో ఇంజనీర్లు పారేసిన మాన్యువళ్లు ఏరుకొచ్చి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. చదివింది సగం అర్థమయ్యేది. మిగతా సగం షాకు కొట్టి అర్థమయ్యేది. అలా మెట్టు మెట్టుగా ఎక్కి చివరి పదిహేడేళ్లు ఒక విశ్వవిద్యాలయంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. డిగ్రీలున్నవాళ్లు పాడుచేసినవి డిగ్రీ లేనివాడు బాగుచెయ్యడమే అక్కడ నా ఉద్యోగం. నాతోపాటు ఒక మలాయ్ టెక్నీషియన్ ఉండేవాడు, చోవా చూ కాంగ్ పేటనుంచి వచ్చేవాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను 'బాంగ్' అని పిలిచేవాడు, వాళ్ల భాషలో అన్నయ్య అని. నా కోపానికి భయపడని మనిషి ఆ భవనంలో అతనొక్కడే.

రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా నా బల్లమీదికి ఒక కాగితం వచ్చింది. క్లాసుల్లో వాడిన చిన్న కంప్యూటర్ బోర్డులు ఇరవై నాలుగు పాతబడ్డాయి, తుక్కులో వేస్తున్నాం, సంతకం పెట్టండి అని. ఒక్కొక్కటీ పేకముక్కంత ఉంటుంది. ఫోన్ ఛార్జర్‌తో నడుస్తుంది. గోరంత మెమరీ కార్డులోనే దాని బుద్ధంతా ఉంటుంది. ఒక్కదానికీ దెబ్బ లేదు. కొత్త మోడల్ వచ్చిందట, అదీ వాటి నేరం. నేను సంతకం పెట్టలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అదే నెలలో అనంతపురం నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని మా విభాగంలో దిగులుగా తిరుగుతుండేది. డెంగీ దోమ ఒక పేటనుంచి ఇంకో పేటకు ఎలా పాకుతుందో నెల నెలా లెక్క కట్టడం ఆ అమ్మాయి పని. వానలు తగ్గిన నెలల్లో జబ్బు నిజంగా పోతుందా, లేక ఎక్కడో దాక్కుని మళ్లీ లేస్తుందా అన్నది ఆమె ప్రశ్న. లెక్కలు వేలకొద్దీ ఉన్నాయి. విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటర్ దగ్గర వరస పొడుగ్గా ఉంది. పేటలు తగ్గించుకొమ్మని ఆమె ప్రొఫెసర్ సలహా ఇచ్చాడు.

వారపు మీటింగులో నేను లేచి, ఈ బోర్డుల మీద చేద్దాం, చాలకపోతే జనం ఇళ్లలో కూడా తలా ఒకటి పెడదాం అన్నాను. ఒక కుర్ర ఇంజనీరు నవ్వాడు. "టాయ్స్ లా, అంకుల్" అన్నాడు. ఇక్కడివాళ్లు ప్రతి మాటకూ తగిలించే ఆ 'లా' ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

నెల తిరిగేసరికి ఇరవై నాలుగు బోర్డులూ ల్యాబ్‌లో ఒక ఇనప అరమీద వరసగా వెలుగుతున్నాయి. ఆ అమ్మాయి పెట్టిన ప్రకటన చూసి ముందుకొచ్చిన వాళ్ల ఇళ్లలో మరో పదిహేడు, ల్యాబ్ సొరుగుల్లో అంతకుముందే మూలపడి ఉన్నవి. ఎవరికీ జీతం లేదు. బోర్డును ఇంట్లో ఒక మూల ప్లగ్గుకు తగిలిస్తే చాలు. అదే ఇంటర్నెట్‌లో లెక్క అడిగి తెచ్చుకుంటుంది, చేసి పంపేస్తుంది. ఎవరింట్లోనో నడిచే యంత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదు కనుక ప్రతి లెక్కా రెండు బోర్డులకు వెళ్లేది. జవాబులు కలిస్తే ఖాయం. కలవకపోతే మూడోదానికి పంపి, ఏ రెండు కలిస్తే వాటి మాట నెగ్గినట్టు. సాక్షుల పద్ధతి అన్నమాట. మంచి పద్ధతే. నావంటివాడు మధ్యలో దూరనంతవరకు.

నాకో నియమం ఉండేది. కార్డులు నేనే తయారుచేసి ఇవ్వాలి. ఒకరి చేతిపని మీద నాకు నమ్మకం తక్కువ. ఆదివారాలు జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద ఉన్న రాతిబల్లను టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసేవాణ్ణి, తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో సీటు ఆపుకున్నట్టు. వచ్చినవాళ్లకు కార్డు చేతిలో పెట్టి, తగిలించండి, ఇంకేమీ ముట్టుకోవద్దు అనేవాణ్ణి. అందరూ బుద్ధిగా విన్నారు, ఒక్కావిడ తప్ప.

ఆవిడ పాసిర్ రిస్‌లో ఉండేది. హైదరాబాదులో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు సూక్ష్మదర్శినిలో రక్తకణాలు లెక్కపెట్టి రిటైరైంది. ఇక్కడ బ్యాంకులో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. ప్రకటన పెట్టగానే అందరికంటే ముందు వచ్చిన మనిషి. తలమీద దుపట్టా సర్దుకుంటూ, రైల్లో ఊరి ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చి బోర్డు తీసుకుంది. నేను అప్పటికి కార్డులు చేయడం మొదలుపెట్టలేదు. అమ్మాయి రాసిచ్చిన సూచనల కాగితం చూసుకుంటూ వరస తప్పకుండా తన కార్డు తనే చేసుకుంది. తర్వాత నా కార్డు తీసుకొమ్మంటే, తనది బాగానే నడుస్తోంది కదా అంది. నాకది పొగరనిపించింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మొదట్లో బోర్డులు నిదానంగా నడిచాయి. కుర్ర ఇంజనీరు మా అర ముందు నిలబడి, ఇవి పూర్తిచేసేసరికి దోమలకు ముసలితనం వస్తుందన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చుని ఆ ప్రోగ్రామ్ మొత్తం చదివాను. నాకు వచ్చిన విద్య అదే, పట్టుకుంటే వదలకుండా చదవడం. అందులో ఒకచోట, ఒక పేటలో దోమల సంఖ్య ఫలానా దానికంటే తగ్గితే సున్నా అనుకుని ఆ పేటను వదిలేయమని రాసి ఉంది. ఆ హద్దు చాలా చిన్న అంకె. దాన్ని కాస్త పెంచాను. వెంట్రుకవాసి లెక్కను ఎవరడుగుతారు? బోర్డులు రెండింతల వేగంతో పరిగెత్తాయి.

సరిచూడలేదనుకునేరు. పాత జవాబులున్న లెక్కలు మూడు తీసుకుని పోల్చాను. మూడూ కలిశాయి. ఆ మూడూ వానలు దంచికొట్టే నెలలవి. దోమలు లక్షల్లో ఉన్నచోట వెంట్రుకవాసి తేడా కనబడదన్న సంగతి నాకు తట్టలేదు. అమ్మాయికి చెప్పలేదు. చెప్పేంత మార్పు కాదనుకున్నాను. ఆ ఆదివారమే కొత్త కార్డులు ఆవిడకు తప్ప అందరికీ పంచేశాను.

అక్కడినుంచి నలభై బోర్డులది ఒక మాట, పాసిర్ రిస్ బోర్డుది ఒక మాట. దాని జవాబు కలవకపోతే మూడో బోర్డును అడుగుతారు కదా, ఆ మూడోదీ నా కార్డుదే. ప్రతిసారీ ఆవిడే ఓడిపోయేది. ఫోన్ చేసి బోర్డు వేడెక్కుతోందేమో చూడమన్నాను. ఛార్జరు మార్చమన్నాను. అన్నీ చేసింది. మూడోసారి ఫోన్ చేసినప్పుడు అడిగింది.

"భాయ్ సాబ్, నా మిషన్ ఖరాబైతే అన్ని లెక్కలు ఖరాబ్ గావాలె గదా. కొన్నే ఎందుకైతున్నయ్?"

నేను విసుగ్గా, "అమ్మా, నలభై మంది ఒకటి చెప్తుంటే మీరొక్కరు ఒకటి చెప్తున్నారు. ఎవరిది తప్పంటారు?" అన్నాను.

అవతల ఏవో కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత, "నలభై మంది ఒక్కటే అద్దాలు పెట్టుకొని చూస్తే, ఒక్కరు చూసినట్టే భాయ్ సాబ్" అంది.

నాకు కోపమొచ్చింది. మా బోర్డులను ఆట వస్తువులన్న ఇంజనీరు మీద రావాల్సిన కోపం ఆవిడమీద వచ్చింది. మర్నాడు ఆవిడ బోర్డును జాబితాలోంచి తీసేశాను. బోర్డు ల్యాబుది కనుక వాపసు పంపమని ఒక ముక్క రాశాను. కృతజ్ఞతలని కూడా రాయలేదు. నాలుగు రోజులకు అమ్మాయి చేతికిచ్చి పంపింది, గుడ్డలో చుట్టి. లోపల బోర్డుతోపాటు ఏదో పుస్తకంలా తగిలింది. చూడకుండా సొరుగులో పడేశాను.

అక్కడ అది మూడు వారాలుంది.

ఆ మూడు వారాల్లో అమ్మాయి చివరి అధ్యాయం రాసేసింది. గ్రాఫు నాకు చూపించింది. వానలు తగ్గగానే గీత కిందికి దిగి, సున్నా దగ్గర నేలను అంటుకుని పోయింది. ఇంత నున్నగా వస్తుందనుకోలేదని ఆ అమ్మాయే అంది. ఆ మాటలో ఒక అనుమానం ఉంది. నేను వినిపించుకోలేదు. ప్రొఫెసర్‌కు సంతోషం. సమర్పణకు ఇంక నెల కూడా లేదు. కుర్ర ఇంజనీరు ఒకరోజు మా అర దగ్గర ఆగి ఏమీ అనకుండా తల ఊపి వెళ్లాడు. అబద్ధమెందుకు, ఆ తల ఊపుడు నా సర్వీసులో అందుకున్న పెద్ద బహుమతి అనుకున్నాను.

అప్పుడు నా మలాయ్ సహోద్యోగి పనికి రాలేదు. రెండో రోజూ రాలేదు. జ్వరం, ఒళ్లంతా విరిచేస్తోందని కబురు. మంగళవారం సాయంత్రం చూడటానికి ఆస్పత్రికి వెళ్లాను. చేతికి సూది, ముఖం పీక్కుపోయి ఉంది. డెంగీ అన్నారు. బయట చూస్తే వానపడి ఎన్నాళ్లయిందో. మా లెక్కల్లో చోవా చూ కాంగ్ గీత నేలను అంటుకున్న నెల అది.

అతను నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. "బాంగ్, నీ బోర్డుల ప్రకారం నాకు జబ్బు లేదు. డాక్టరుకి చెప్పు లా, ఇంటికి పంపమని."

హాస్యానికే అన్నాడు. నేనూ నవ్వాను. ఒక మనిషికి జబ్బు చేసినంతలో ఒక లెక్క తప్పైపోదు, అంత తెలివి నాకుంది. కానీ జురాంగ్ వెస్ట్‌కు బస్సులో వస్తుంటే పాసిర్ రిస్ ఆవిడ అడిగిన ప్రశ్నే మెదడులో తిరిగింది. కొన్నే ఎందుకు?

బుధవారం పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్లి సొరుగు తెరిచాను. గుడ్డ విప్పితే బోర్డు, ఒక గళ్ల నోటు పుస్తకం. ప్రతి పేజీలో నిలువు గీతలు. తేదీ, లెక్క నంబరు, ఏ పేట, ఏ నెల, బోర్డు వేడి ఎంత, జవాబు అంకె ఎంత, అది కలిసిందా లేదా. ఒక్క రోజు తప్పలేదు. కలవని వాటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది. వానల నెలల్లో ఒక్క ఎర్ర సున్నా లేదు. అన్నీ పొడి నెలలే. చివరి పేజీలో తెలుగు అక్షరాల్లో ఒక్క వాక్యం రాసింది: 'బోర్డు పాడైతే నెల చూసుకొని పాడు కాదు.'

అరమీది ఒక బోర్డులోంచి నా కార్డు తీసి, ప్రోగ్రామ్‌లో నేను మార్చిన అంకెను మొదటి చోటికి తెచ్చి, ఆవిడ ఎర్ర సిరాతో చుట్టిన లెక్కల్లో ఒకటి పెట్టాను. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. పుస్తకంలో ఆవిడ రాసుకున్న అంకే, చివరి స్థానం వరకు. నేను సున్నా చేసిపారేసిన ఆ కొద్ది దోమలే రెండు నెలలు అలా ఉండి, మొదటి వాన పడగానే మళ్లీ లేచాయి. అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు సరిగ్గా అక్కడుంది. ఆ జవాబునే నేను తుడిచేశాను.

ఆ మధ్యాహ్నం నాకు తోచినవన్నీ చెప్తాను. దాస్తే ఈ రాతకు అర్థం లేదు. నాకు రెండు నెలల్లో రిటైర్మెంటు. ఎవరికీ తెలియదు. గ్రాఫు నున్నగా ఉంది, ప్రొఫెసర్‌కు నచ్చింది. పద్దెనిమిది రోజులు నోరు మూసుకుంటే ఆ అమ్మాయి డాక్టరవుతుంది, నా బోర్డులు గెలిచినట్టవుతుంది. 'చూశావా, ఆట వస్తువులన్నావు' అని ఇంజనీరు ముఖంమీద అని మరీ వెళ్లిపోవచ్చు. ఇదంతా ఒక కాఫీ తాగినంత సేపు నిజంగానే ఆలోచించాను. తర్వాత నోటు పుస్తకం మూద్దామని చూస్తే చేయి రాలేదు. ముప్ఫై ఏళ్లు ఇంకొకరి రక్తాన్ని ఒక్కో కణం లెక్కపెట్టిన చేతిరాత అది.

అమ్మాయిని క్యాంటీన్‌లో పట్టుకున్నాను. చెప్పడం మొదలుపెట్టి ఆపకుండా చెప్పేశాను. ఆమె చెంచా కింద పెట్టింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"చెప్పకుండా ఎందుకు మార్చినారంకుల్?" అంది చివరికి. "ఇది నా పేరు మింద పోతాది గదా."

నోటు పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను.

ఇద్దరం కలిసి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాం. ఆయన నోటు పుస్తకం మొదటి పేజీనుంచి చివరిదాకా చూశాడు. అమ్మాయికి రెండు దారులు చెప్పాడు. పొడి నెలలను తీసేసి, వానల నెలలతోనే అనుకున్న రోజుకు సమర్పించవచ్చు, అందులో అబద్ధమేమీ ఉండదు. లేదా సమర్పణ ఒక సెమిస్టరు వాయిదా వేసుకుని పొడి నెలలన్నీ మళ్లీ చెయ్యవచ్చు. వాయిదా వేస్తే ఆమెకోసం కాచుకున్న ఉద్యోగం ఆగకపోవచ్చని కూడా చెప్పాడు.

అమ్మాయి ఆయనతో ఇంగ్లీషులో మళ్లీ చేస్తానంది. బయటికొచ్చాక నాతో తెలుగులో అంది, "వానల్లేని నెలలే గదంకుల్ నేనడిగింది. అవి తీసేస్తే ఇంగేముంది ఆడ?" కొంచెం నడిచి ఆగింది. "ఈసారి కార్డులు మీరొక్కరే చేయాకండి. ఆ ఆంటీని పిలవాల. మీరే పోయి పిలవాల."

శనివారం పాసిర్ రిస్ వెళ్లాను. రైల్లో కూర్చుని మూడు రకాల క్షమాపణలు తయారుచేసుకున్నాను. ఒకదానిలో ఛార్జర్ల ప్రస్తావన కూడా ఉంది, అంటే అప్పటికీ ఇంకా సాకులు వెతుకుతున్నానన్నమాట. తలుపు ఆవిడే తీసింది. నా చేతిలో తన నోటు పుస్తకం చూసి, నేనింకా ఏమీ చెప్పకముందే కూర్చోమంది. టీ తెచ్చింది. నేను మూడు క్షమాపణలూ మరిచిపోయి, "మీ లెక్కే నిజం. మార్చింది నేను. మీ పుస్తకం మూడు వారాలు తెరవలేదు" అన్నాను.

ఆవిడ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పి చూసుకుంది, ఏమైనా పోయాయేమోనన్నట్టు. ఆవిడ గెలిచినట్టు కనబడలేదు. అలసిపోయినట్టు కనబడింది.

"మా ల్యాబ్‌ల ఒక స్లైడ్‌ను ఇద్దరు లెక్కపెట్టేది" అంది. "ఒకరి కాగితం ఇంకొకరు చూడొద్దు. అంకె కలవకుంటే పెద్ద సార్ వచ్చి మొదట అడిగేది, ఎవరిది తప్పని కాదు. ఎందుకు కలవలేదని. మీరు గది అడగలేదు."

మళ్లీ మాతో కలవమని అడిగితే, వస్తానని చెప్పడానికి ఒక షరతు పెట్టింది. సగం బోర్డులు తన ఇంట్లో ఉంటాయి, వాటి కార్డులు అమ్మాయి మొదట రాసిచ్చిన కాగితం చూసి తనే చేసుకుంటుంది. నేను నావి చేసుకోవాలి. ఒకరి కార్డు ఒకరు ముట్టుకోకూడదు, జవాబుల గురించి ఫోన్లో మాట్లాడుకోకూడదు. ప్రతి లెక్కా ఆవిడ వైపు ఒక బోర్డుకు, నా వైపు ఒక బోర్డుకు వెళ్లాలి. కలవనివి అమ్మాయే చూసుకోవాలి. నా జీవితంలో నా పనికి షరతులు పెట్టినవాళ్లందరితో పోట్లాడాను. ఆ రోజు తలూపి టీ తాగాను.

పన్నెండు బోర్డులు పాసిర్ రిస్ వెళ్లాయి. పన్నెండు, నేను రిటైరయ్యాక, ప్రొఫెసర్ సంతకంతో జురాంగ్ వెస్ట్‌లో మా హాల్లోకి వచ్చాయి. ఇళ్లలో ఉన్న పదహారింటి కార్డులూ చెరి సగం పంచుకుని మళ్లీ చేశాం. మలాయ్ తమ్ముడు కోలుకుని, నా వీడ్కోలు విందులో అందరిముందూ, తాను సున్నా కాదని ఋజువు చేసుకోవడానికి పదిరోజులు ఆస్పత్రిలో పడుకోవాల్సి వచ్చిందన్నాడు. కుర్ర ఇంజనీరు కూడా నవ్వాడు. ఈసారి నాకు కోపం రాలేదు. హక్కు పోయింది కదా.

అమ్మాయికి ఆ ఉద్యోగం పోయింది. ఇది కూడా రాయాలి. మరొకటి తర్వాత దొరికింది, కానీ అది ఆమె కోరుకున్నది కాదు. సిద్ధాంత గ్రంథంలో ఒక విభాగమంతా ఆ తప్పు గురించే రాసింది, ఎలా జరిగింది, ఎలా దొరికింది అని. నా పేరు పెట్టకుండా 'ఒక హద్దు పెంచబడింది' అని రాసింది. ఆ దయ నాకు తేలిగ్గా అరగలేదు.

మళ్లీ మొదలుపెట్టిన ఐదోవారంలో, పొద్దున హాకర్ సెంటర్లో కాఫీ ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. పాసిర్ రిస్. జవాబుల గురించి మాట్లాడుకోకూడదన్న షరతు పెట్టిన మనిషే చేసింది.

"భాయ్ సాబ్, నా ఏడో నంబర్ బోర్డు గలత్. కార్డుల పాత ఫైలు ఏసిన, ఇప్పుడే చూసిన. బేటీకి చెప్పిన. తప్పు నాదే. దాని లెక్కలన్నీ తీసేస్తున్నం, మీరు గూడ రాసుకోండ్రి."

సరేనన్నాను. సలాం చెప్పి పెట్టేసింది. జేబులోంచి పెన్ను తీసి, ఆవిడను చూసి నేనూ మొదలుపెట్టిన గళ్ల పుస్తకంలో రాసుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఆవిడకు ఒక్క నిమిషం పట్టింది. నాకు మూడు వారాలు, ఒక మనిషి జ్వరం కావలసివచ్చాయి.